బఠాణీ గింజంత పేస్టు

జూన్ 10, సోమవారం

బాబాయికి నమస్కారాలు,

పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో బస్సు డ్రైవరు, చంకలో నువ్వు పంపిన ఫ్యాను డబ్బా! మీ ఇంట్లో మరిచిపోయానని నేనింకా ఏడుపు కూడా మొదలుపెట్టలేదు. ఈ ఉత్తరం కూడా ఆ బస్సులోనే పంపుతున్నాను. ఇక ప్రెస్సు ఓనరు పరీక్షగా ఇచ్చిన కంప్యూటరు బిగించడమే తరువాయి. శుక్రవారం రోజంతా ఆగకుండా నడిస్తే ప్రెస్సులో ఉద్యోగం నాదే.

ప్రాసెసరుకీ, దాని మీద కూర్చునే ఫ్యాను దిమ్మకీ మధ్య కంటికి కనబడని సందులుంటాయి. థర్మల్ పేస్టు వాటిని పూడ్చి, వేడిని పైకి చేరవేస్తుంది. అన్నీ చదివి, కరెంటు పారని బూడిదరంగుది ఎంచుకున్నాను. బఠాణీ గింజంత చాలు.

ఇట్లు,
మీ స్క్రూడ్రైవర్

తా.క. 'పూడ్చి' ఎంత మంచి మాట! ఇంకోసారి వాడాలనుంది గానీ, మాటలు కూడా పేస్టులాగే పలచగా వాడాలి.

జూన్ 10, సాయంత్రం

స్క్రూడ్రైవర్‌ని ఆశీర్వదించి బాబాయి రాయునది,

బఠాణీ గింజంతా? మీ పిన్ని కూడా నొచ్చుకుంది. నేను వంటల కాంట్రాక్టరుని. నా వడ్డన తిన్నవాడెవడూ ఆకలితో లేవలేదు. ఆ ప్రాసెసరు ఏం పాపం చేసింది? పెట్టే చెయ్యి గుప్పిట మూయకూడదమ్మా. ట్యూబంతా పిండు. నేను చెబుతున్నాగా!

ఆశీస్సులతో,
బాబాయి

తా.క. మిగిలితే మర్నాటికి పనికొస్తుందా, పులుస్తుందా?

జూన్ 12, బుధవారం

బాబాయికి,

నీ మాట విన్నాను, నా బుద్ధి గడ్డి తిని. పేస్టు నాలుగు పక్కలా పొంగి కాలవ కట్టింది. కంప్యూటరు ఐదు నిమిషాలకే గుటుక్కుమంది. అంతా స్పిరిట్‌తో తుడిచి, కొత్త ట్యూబు తెచ్చి, సరిగ్గా గింజంతే పెట్టాను. మళ్ళీ గుటుక్కు! ఇంకో రకం పేస్టూ అయింది. తొంభై అయిదు డిగ్రీలు!

ప్రెస్సు ఓనరు తొంగిచూసి, "ఏమమ్మా, ఇది కంప్యూటరా, ఇస్త్రీపెట్టా?" అన్నారు. ఎల్లుండికి నడవకపోతే ఉద్యోగం గోవిందా. తప్పు నీ వడ్డనది కాకపోతే నీ ఫ్యానుదే.

ఉడుకుతూ,
స్క్రూడ్రైవర్

తా.క. రేపు ఆయన చొక్కా కూడా తెస్తారట.

జూన్ 12, సాయంత్రం

అమ్మాయికి,

ఫ్యానుని అంటావా? దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాను! మొన్న దాని అడుగున పలచటి కవరు ఊడబీకి నేలన పారేసి పోయావు. అద్దంలా మెరిసే దిమ్మకి గీత పడితే? అది ఏరి, తుడిచి, ఒక్క బుడగ లేకుండా మళ్ళీ అతికించాకే పంపాను. కనబడనే కనబడదు! మా సోఫా వయసులో నీకంటే పెద్దది, ఇప్పటికీ కవరు తీయలేదు. లోపం ఇంకెక్కడో వెతుక్కో.

నీ మేలు కోరే,
బాబాయి

తా.క. కావాలంటే పేస్టు మీద కూడా ఒక కవరు వేద్దాం.

జూన్ 14, శుక్రవారం

కవరు వీరుడైన బాబాయికి,

ఉత్తరం సగంలో ఉండగానే ఫ్యాను విప్పాను. గోటితో గీకితే, వేడిని పైకి పోనివ్వని నీ ప్రేమ చర్రున ఊడివచ్చింది. గింజంత పేస్టు పెట్టి బిగించాను. పొద్దుటి నుంచి ఏకధాటిగా నడుస్తోంది, యాభై డిగ్రీలు దాటలేదు. ఉద్యోగం నాదే!

నీ ఘనకార్యం చెబితే ఓనరు పొట్ట పట్టుకుని నవ్వారు. "కవరు మీద పేస్టు పూయడమేంటమ్మా! మా నాలుగు కంప్యూటర్లు చూడు, అన్నీ నేనే బిగించా."

చూశాను. ఒకదాన్ని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"సార్, వీటి కవర్లు మీరు తీశారా?"

నవ్వు ఆగిపోయింది. "వీటికీ ఉంటుందా?"

ఇట్లు,
ప్రెస్సు ఉద్యోగిని

తా.క. రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఆ నాలుగూ విప్పుతాను. నువ్వు మాత్రం సాయానికి రావద్దు.