జ్యోతి చేత తుడిపించిన గీత

బుధవారం, రాత్రి

ఇవాళ నిలబడే ఓపిక కూడా లేదు. పొద్దున పదో తరగతికి బోర్డు మీద ఒక లెక్క ఇచ్చాను. ఏ చతుర్భుజమైనా సరే, నాలుగు భుజాల మధ్యబిందువులను వరుసగా కలిపితే సమాంతర చతుర్భుజమే వస్తుందని నిరూపించాలి. ఇచ్చానే గానీ, ఎలా మొదలుపెట్టాలో నాకే గుర్తు లేదు.

గూడెం నుంచి వచ్చిన జ్యోతి ఒక్కతే పెన్సిలు కదిపింది. బొమ్మలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీత గీసింది.

"ఇచ్చిన బొమ్మల ఈ గీత ఏడుందే?" అన్నాను.

"లేదు మేడం. మా నాయిన దొడ్డికి తడిక కట్టేటప్పుడు గిట్లనే ఐమూలగ ఒక బద్ద కడ్తడు. లేకుంటే ఊగుతది."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. "ఇది తడిక కాదు, లెక్క. జల్దీ తుడువు."

తుడిచేసింది. క్లాసులో ఆ పిల్ల నోరు తెరవడం ఈ ఏడాది అదే మొదటిసారి.

సాయంత్రం రెండు గంటలు ఆ లెక్కతో కుస్తీ పట్టాను. తేలలేదు. విసుగొచ్చి, దిద్దడానికి జ్యోతి నోటుబుక్కు తీశాను. తుడిచిన గీత కాగితం మీద గాడిలా మిగిలింది. దాని మీదే పెన్సిలు పోనిచ్చాను. చతుర్భుజం రెండు త్రిభుజాలైంది. రెండింటిలోనూ మధ్యబిందువులను కలిపే గీత ఆ కర్ణానికి సమాంతరం, దానిలో సగం. నాలుగు లైన్లలో నిరూపణ అయిపోయింది.

రేపు బోర్డు మీద ఆ గీత జ్యోతినే గీయమంటాను. లేచి వస్తుందో, రాదో.