నెమునోకి యుద్ధనౌక సేవా చరిత్ర

కురె, 1946 నవంబరు 9

మిసావో అక్కకు,

నువ్వు పంపిన ఎండు చిలగడదుంప ముక్కలు అందాయి. మూడు రోజులు వాటితోనే గడిపాను. నాకు ఒక రాతపని దొరికింది. మా నెమునోకి ఓడ పుట్టినప్పటి నుంచి మునిగేదాకా ఏం చేసిందో రాసి ఇమ్మన్నారు, పాత నౌకాదళం లెక్కలు చూసే దఫ్తరువాళ్ళు. బతికి బయటపడ్డ నలభైమందిలో నా దస్తూరీయే బాగుందట. చూడు, ఇన్నాళ్ళకు నా చదువు అక్కరకొచ్చింది.

నాలుగుసార్లు సైనికుల ఓడలకు కాపలాగా వెళ్ళాం. మూడింటి సంగతి రాసేశాను. నాలుగోదాని దగ్గర వారంగా కలం కదలడం లేదు. పాత చిట్టాలో ఉన్నది చిన్న వాక్యమే: "జలాంతర్గామిపై నీటి లోతున పేలే పీపాలు పన్నెండు వదిలాము. ఫలితం తెలియదు."

ఫలితం నాకు తెలుసక్కా. మేం కాపలా కాస్తున్న ఓడ అప్పటికే రెండు ముక్కలై మునిగింది. వందలమంది నీళ్ళలో తేలుతూ, ఎక్కించుకుంటామనుకుని మాకు చేతులూపుతున్నారు. సరిగ్గా వాళ్ళ కిందే జలాంతర్గామి ఉందని కబురొచ్చింది. వదలమన్నారు. మీట దగ్గర ఉన్నది నేను. "అటు చూడకురా, లెక్కపెట్టు" అన్నాడు మా పెద్దాయన. పన్నెండూ లెక్కపెట్టాను. ఆ తర్వాత నీళ్ళలో ఒక్క చెయ్యీ లేవలేదు. అది బావ ఎక్కిన ఓడని, ఆయన జాడ తెలియలేదంటూ నీకొచ్చిన కాగితంలో ఓడ పేరు చూశాకే నాకు తెలిసింది.

ఇంట్లో లేని బావ క్షేమం కోసం రోజూ ఆయన పేర అన్నం వడ్డించి పళ్ళెం పెడుతున్నారని, గిన్నె మూతకు లోపల చెమ్మ పడితే బతికున్నట్టేనని మీ అత్తగారు మురిసిపోతున్నారని రాశావు. వేడి అన్నం మీద మూత పెడితే ఎవరి గిన్నెకైనా చెమ్మ పడుతుంది. బావ ఇక రాడన్న మాట చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇక ఎదురుచూడకు. నన్ను ఎంతైనా తిట్టు. ఆ వాక్యం ఎలా రాయమంటావో మాత్రం చెప్పు.

నీ తమ్ముడు,
తొకుజి

నవంబరు 21

తొకుజికి,

అత్తగారికి చదువు రాదు కదా, నీ ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపిస్తాను. ఈసారి నీకు చలి ఎక్కువగా ఉందని రాశావని అబద్ధమాడాను. "పిల్లాడికి దుప్పటుందో లేదో అడుగు" అంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పళ్ళెం పెడతాను. మూతకు చెమ్మ ఎందుకు పడుతుందో రోజూ అన్నం వండేదాన్ని, నాకు తెలియదనుకున్నావా?

నిన్ను తిట్టను. తిట్టడానికి కోపమన్నా మిగలాలి. నువ్వు చూసింది చూసినట్టే రాయి. వాళ్ళు కొట్టేస్తే కొట్టేయనీ. ఈ ఇంటికి మాత్రం ఇక రాకు.

నీ దగ్గర ఒక సంగతి దాచాను. కాపాడలేకపోయానని కుమిలిపోతావని భయపడ్డాను. ఓడ కదిలే ముందు మోజి రేవు నుంచి మీ బావ ఎవరి చేతో నాకు చీటీ పంపాడు. అందులో ఉన్నది ఇంతే: "మాకు కాపలా వస్తున్నది తొకుజి వాళ్ళ ఓడే. దూరం నుంచి వాణ్ణి చూశాను. ఇక నువ్వు బెంగపెట్టుకోకు."

మిసావో