వయసు రాయని రిపోర్టు

పాప వాళ్లమ్మకి,

ఇక్కడ నేను క్షేమం. అంటే జ్వరం లేదు, దగ్గు లేదు. అక్కడ ఆస్పత్రిలో మీరిద్దరూ ఎలా ఉన్నారోనన్న బెంగ తప్ప వేరే జబ్బేమీ లేదు.

నువ్వడిగినవాటికి జవాబులు. గ్యాస్ ఆపుతున్నాను. బాల్కనీ మొక్కల్లో ఒకటి పోయింది, ఏదో చెప్పను, వచ్చాక తిట్టుదువుగాని. వంట నేనే చేసుకుంటున్నాను, తినేదీ నేనే కాబట్టి పేచీల్లేవు. ఇల్లెలా ఉందన్నావు. ఏం బాగాలేదు. ల్యాబ్ నుంచి వచ్చి తలుపు తీస్తే పొద్దున జరిపిన కుర్చీ జరిపినచోటే ఉంటోంది. పాప ఉంటే అలా ఉండనిస్తుందా? మొన్న అలవాటు కొద్దీ "ఎవరొచ్చారో చూడూ" అంటూ లోపలికొచ్చాను. పలికేవాళ్లెవరూ లేరు. 

జవాబు ఇంత ఆలస్యమేమిటన్నావు. పని ఎక్కువైందని రాద్దామనుకున్నాను. అబద్ధం. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది, రోజూ చదువుతూనే ఉన్నాను.

పాప రక్తంలో ఫాస్ఫేటు బాగా తక్కువుందని, పోయినేడాది నార్మలేనని నువ్వు చెప్పావని, అయితే ఈ ఏడాదిలో తిండిలో ఏం తేడా వచ్చిందని డాక్టరమ్మ అడుగుతోందని రాశావు. 'నేనేం తక్కువ చేశానో ఎంత ఆలోచించినా తోచట్లేదండీ' అన్నావు.

నువ్వేం తక్కువ చెయ్యలేదు. చేసింది నేను.

పోయినేడాది నువ్వు కాళ్లు విల్లులా వంగుతున్నాయని పాపని గోడకి ఆనించి నిలబెట్టి, మడమలు కలిపి, మోకాళ్ల మధ్య నీ పిడికిలి పట్టడం చూపించావు. నేను నవ్వాను. నువ్వు వదలకపోతే ల్యాబ్‌కి తీసుకెళ్లి నేనే రక్తం తీశాను. ఇంటిపిల్లకి మళ్లీ ఫారమెందుకని వయసు గడి ఖాళీగా వదిలేశాను. వయసు వెయ్యకపోతే మా మెషిన్ పెద్దవాళ్ల లెక్కే అచ్చు వేస్తుంది. ఫాస్ఫేటు రెండు పాయింట్ ఏడు వచ్చింది. పక్కన 'రెండున్నర నుంచి నాలుగున్నర' అని ఉంది. నార్మలని ముద్ర కొట్టి తెచ్చి నీ చేతిలో పెట్టాను.

ఎముకలు పెరిగే వయసులో అది చాలా ఎక్కువుండాలి. పాప వయసుకి నాలుగుకి తగ్గకూడదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఊరందరి పిల్లలకీ వయసు వేసి చూస్తాను, నా పిల్లకే చూడలేదు. నువ్వు మళ్లీ అడిగితే "నా పని నాకు నేర్పుతావా" అని కసిరాను. ఆ మర్నాటి నుంచి నువ్వు పాపకి పొడుగు గౌన్లు వెయ్యడం మొదలుపెట్టావు. బాగున్నాయని కూడా అన్నాను.

నీ ఉత్తరం చదివాక పాత రిజిస్టరు తీసి చూశాను. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ రిపోర్టు కాపీ ఇందులో పెట్టాను. ముందు డాక్టరమ్మకి చూపించు. ఇది ఈ ఏడాది వచ్చింది కాదు, మొదటినుంచీ ఉన్నదే, తిండి వల్ల కాకపోవచ్చు, మూత్రంలో పోతోందేమో చూడమని చెప్పు. నేను డాక్టర్ని కాదుగానీ, అదే అయితే ఫాస్ఫేటు మందు రోజుకి నాలుగైదుసార్లు పట్టాలి. ఇంత చిన్న వయసులో మొదలుపెడితే కాళ్లు చాలావరకు సర్దుకుంటాయంటారు. ఒక ఏడాది మాత్రం నేను పోగొట్టాను.

నీ పాలు చాలలేదేమోనని మా అక్క ఇన్నాళ్లూ అంటుంటే విని ఊరుకున్నాను. నిన్న వెళ్లి జరిగిందంతా చెప్పొచ్చాను. అక్క కాఫీ కూడా ఇవ్వలేదు.

కోపం తగ్గించుకోమని అడగను. నాకు రాయకపోయినా ఫరవాలేదు, పాప ఎలా ఉందో ఒక్క ముక్క ఎవరిచేతనైనా రాయించు. ఎప్పుడూ ఉత్తరం కింద 'నీవాడు' అని రాసేవాణ్ణి. ఈసారి చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
పాప నాన్న