చలిజ్వరం చుట్టం

కల్లూరు
జులై 1958

పూజ్యురాలైన నాగలక్ష్మక్కకు చెల్లెలు కృష్ణవేణి నమస్కారాలు.

పోయినేడు వచ్చిన చుట్టం మళ్ళీ వచ్చాడు. వస్తే వణుకు, పోతే చెమటలు. బడిలో పాఠాలు చెప్పి గదికి చేరాక నాతో మాట్లాడే మనిషి లేదు. వాడొక్కడే దారి మరవలేదు. వేషాలు మారుస్తాడు కనుక కావలివాళ్ళు గుర్తుపట్టరట. తరిమితే కాలేయంలో నక్కుతాడట. దిగులుపడకు.

నీ వేణి

తా.క. వాడొచ్చినప్పుడు ఒక్క దుప్పటి చాలడం లేదు.

రాయచోటి

చిరంజీవి వేణికి అక్క దీవించి రాయునది.

నీ కార్డు మన పోస్టుమాను మాబాషా టీ అంగడికాడ అందరికీ చదివి, ఆపైన నాకిచ్చె. ఎవుడే వాడు? పోయినేటి నుంచి వస్తాండాడా? కాలేజీ అని రాసేకి పోయి కాలేయం అని రాసినావే, అంత వణికిండాదా చేయి! ఏం చదువుతాండాడు? కావలోళ్ళ కండ్లుగప్పి వచ్చేదేంది, తలెత్తుకొని రమ్మను. మనోళ్ళయినా సరే, కాకున్నా సరే, పెండ్లి చేస్తా.

కోపంగా, మీ అక్క

తా.క. దుప్పట్ల సంగతి యాడన్నా కార్డుమీద రాస్తారా?

కల్లూరు

అక్కా, నమస్కారాలు.

ఈసారి కవరు అంటించి పంపుతున్నాను. వాడు మనిషి కాదు, చలిజ్వరం! కార్డు ఊరంతా చదువుతుందని మరుగుగా రాశాను. దోమ కుట్టగానే ఆ క్రిమి కాలేయంలో, అంటే కార్జంలో, దూరుతుందట. అక్కడ పెరిగి, బయటికొచ్చి, ఎర్రకణాల లోపల దాక్కుంటుంది. ఒంటిని కాచే తెల్లకణాలు గుర్తుపట్టేలోగా పైరూపు కూడా మారుస్తుందేమోనని డాక్టరమ్మ అనుమానం. కొన్ని కార్జంలోనే నెలల తరబడి ఉండిపోతాయి. క్వినైన్ వాటి జోలికి పోదు. అందుకే జ్వరం తిరగబెట్టింది. ఇప్పుడు కొత్త మాత్రలిచ్చారు. ఆ చుట్టం చచ్చాడనే అనుకో.

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. నవ్వాక ఎవరికి చెప్పాలో తెలియలేదు.

వేణి

తా.క. పెళ్ళి మాట ఎవరికీ చెప్పలేదు కదా?

రాయచోటి

బంగారు వేణికి అక్క ఆశీస్సులు.

చెప్పినా. పక్కింటి సోమక్కకు, గిడ్డమ్మకు చెప్తి. మిగిలినోళ్ళకు వాళ్ళు చెప్పిరి. నీ కవరు వచ్చేటప్పటికి నీకని తెచ్చిన పెండ్లిచీర చూసేకి ఇంటినిండా ఆడోళ్ళుండారు. చదువుతా చదువుతా "చచ్చాడు" అని గట్టిగా అంటి. అంతే, అందరిదీ ఒకటే ఏడుపు. నిజం చెప్పేకి నాకు నోరు రాలే.

నేనూ ఏడ్చినా. వానికోసరం కాదు. నువ్వు వణుకుతాంటే పక్కన కూర్చునేకి ఒక మనిషి లేకపాయెనే అని. పైకి తిడితి గానీ, నీకు తోడు దొరికిండాడని ఈ దినాలన్నీ నిమ్మళంగా పండుకున్యా.

శుక్రవారం బస్సుకు వస్తాండా. నువ్వు పొమ్మనేదాకా ఉంటా.

నీ అక్క

తా.క. వానికి తమ్ముడుండాడా అని సోమక్క అడుగుతాంది. లేడనే చెప్పినా. ఆ మాత్రలు మాత్రం నిలపొద్దు.