కేవ్‌మూన్ పియా, దాని కంచు ఏనుగు తల

లాంపాంగ్ వాసి, కీర్తిశేషులు కేవ్‌మూన్ గారి భార్య బువాతోంగ్ అనే నేను, యాభై ఆరేళ్ల వయసులో, పూర్తి తెలివితో, నా చేత్తో రాసుకున్న వీలునామా. ఎవరి ఒత్తిడీ లేదని రాయాలట. మా బావగారు ఇన్‌సోన్ ఈ పొద్దున కూడా వచ్చి వెళ్లారు. అందుకని, ఒత్తిడికి లొంగలేదని రాస్తున్నాను. గురువారం నాకు గుండె ఆపరేషన్. శుక్రవారానికి బావగారు పాత సామాన్లు కొనే మనిషిని బాంకాక్ నుంచి రప్పిస్తున్నారు.

1. ఇల్లు, తోట మా అమ్మాయి ఫిమ్‌ఫాకి. పన్ను రసీదులు బియ్యం డబ్బా వెనక ఏడాదివారీగా కట్టి ఉన్నాయి.

2. నా నేత లంగాలన్నీ స్నేహితురాలు మాలివన్‌కి. ఎర్రంచుది అడిగి అడిగి విసిగిపోయింది. ఈ వీలునామా అమలు చేయవలసిందీ ఆమే.

3. మా ఆయన చేతి గడియారం బావగారికి. అది నడవదు. బాగుచేయిస్తానని తీసుకెళ్లి, అలాగే తెచ్చిచ్చింది ఆయనే.

4. గూట్లోని మా ఆయన పాత పిన్ పియా ఫిమ్‌ఫాకి. మా మామగారి తండ్రి, మనసిచ్చిన అమ్మాయి ఇంటి ముందు చొక్కా విప్పి, దాని కొబ్బరి చిప్పను ఛాతీకి ఆనిస్తూ, తీస్తూ వాయించిన వాద్యం. పక్కింటికి కూడా వినపడదు. తీగలు కట్టే కొసన కంచు ఏనుగు తల ఉండేది. కొనేవాడికి కావలసింది ఆ తలే.

“ఆడపిల్ల చొక్కా విప్పి వాయిస్తుందా? ఫిమ్‌ఫా కొత్త పియా మైకు పెట్టిన డబ్బా. పాతది అమ్మితే నీ ఆపరేషన్‌కే కదమ్మా,” అన్నారు బావగారు. ఆపరేషన్ ప్రభుత్వ ఖర్చని ఆయనకూ తెలుసు. తన తమ్ముడు ఆడవాళ్లకు నేర్పలేదని ఆయన ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నారు.

చివరి ఏడాది మా ఆయన వేళ్లు చచ్చుబడిపోయాయి. మంచం మీద పడుకుని, చిప్పను తన ఛాతీకి ఆనించుకుని, “వేళ్లు నీవి, ఛాతీ నాది. కానివ్వు తల్లీ, అడిగేవాడెవడో చూస్తాను,” అన్నారు ఫిమ్‌ఫాతో. బావగారు అప్పుడు గుమ్మంలోనే ఉన్నారు. “ఒక్క పాటకు ఇద్దరు మనుషులా?” అని నవ్వారు కూడా. మా ఆయన పోయాక ఆ ఛాతీ లేదు. తన కొత్త పియాలో పిల్ల మైకు పెట్టుకున్నది అందుకే.

5. గూట్లోని పాత పియాకు ఇప్పుడు తల లేదు. వెతకవద్దు. మొన్ననే ఫిమ్‌ఫా కొత్త పియాకు లక్కతో బిగించి ఇచ్చేశాను. అది ఇక నా ఆస్తి లెక్కలో లేదు.

6. నేను తిరిగి రాకపోతే, దహనానికి ముందు ఫిమ్‌ఫా మైకు తీసేసి, కుట్లు తప్పించి, చిప్పను నా ఛాతీకి ఆనించి వాళ్ల నాన్న పాట వాయించాలి. ఎవరికీ వినపడకపోయినా ఫరవాలేదు. బావగారు గుమ్మంలో నిలబడవచ్చు.

బుద్ధ శకం 2566, నవంబరు 14, మంగళవారం.

(సంతకం) బువాతోంగ్

సాక్షులు:
1. సువన్నీ, పొరుగింటామె
2. ఖమ్‌పన్, కంచు పనివాడు, ఏనుగు తలను లక్కతో బిగించినవాడు