ఈ ఎరుపు చెల్లదు

గజేందర్ నాయినకు,

గల్ఫు దేశంలోని ముఐథర్ నుంచి నీ ఇంటిదాని దండాలు. ఇక్కడ కొడుకు గజేందర్, కోడలు, నేను చల్లగా ఉన్నాం. అక్కడ నీ మోకాలూ, మన బర్రే కుదురుగా ఉన్నాయని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నది పక్క వాటాలో ఉండే జైబా. బోధన్‌లో తెలుగు బడిలో చదివిందట; నేను ఎట్లా చెప్పినా పుస్తకం భాషలోనే రాస్తానంటోంది. రాయనీ. ఫోన్‌లో అయితే నువ్వు సగంలో పెట్టేస్తావు. కాగితాన్ని ఎట్లా పెట్టేస్తావో చూస్తాను.

తిండి సరిపోతోందా అని అడిగావు. కోడలు స్వర్ణ చేసే పప్పులో ఉప్పు తక్కువ, మర్యాద ఎక్కువ. ఎండ సంగతి అడిగావు. పొద్దున్నే గోడ మీద చెయ్యి పెట్టలేం.

ఇక అసలు తగువు. బయలుదేరేటప్పుడు "బాదం ఆకు ఎర్రబడంగనే వస్త" అని మాట ఇచ్చాను, నిజమే. మన వాకిట్లో బాదం మాఘంలో కదా ఎర్రబడేది, అప్పటిదాకా ఉండొచ్చనుకున్నాను. తీరా ఇక్కడ గేటు పక్కనున్న బాదం చెట్టు బతుకమ్మ పండుగ రాకముందే ఎర్రబడింది. గజేందర్ నోరు ఊరుకోక నీకు చెప్పాడు. నువ్వేమో "మాట మీద నిలబడు, మూట సర్దు" అని రాశావు.

నిలబడతాను. కానీ ఈ ఎరుపు చెల్లదు.

ఎండాకాలమంతా చెట్టుకు నీళ్ళు పెట్టినవాళ్ళు లేరు. వాన చుక్క లేదు. పైన నిప్పులాంటి ఎండ, కింద దప్పిక. ఆకుల్ని మోయలేక చెట్టు ముందే దింపుకుంటోంది. మన చెట్టు మాఘంలో అంతా ఒక్కసారే కుంకుమలా మెరుస్తుంది. దీని ఆకులు అంచులు మాడి, మధ్యలో మాత్రం ఎర్రగా ఉన్నాయి. గోడవైపు నేలలో ఏసీ నీళ్ళు పడతాయి. ఆ పక్క కొమ్మ ఇప్పటికీ చిలకపచ్చగా ఉంది.

"కాలమే వస్తే ఒక్క పక్కకే వస్తదారా?" అని గజేందర్‌ను నిలదీశాను.

"అవ్వా, నువ్వు వకీలువు కావల్సింది."

"మీ నాయినను చేసుకున్ననాడే అయిన్రా."

జైబా కలం ఆపి నవ్వుతోంది. "అవ్వా, ఇది గూడ రాయాల్నా?"

"గదే ముందుగాల రాయి, బిడ్డా."

ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. కూర్చొని చదువు. ప్రయాణం రోజున విమానం అంటే భయపడి నువ్వు గుమ్మం దాటలేదు కదా. నీ పాస్‌పోర్టు పొరపాటున నా సంచిలో వచ్చిందన్నాను. పొరపాటేమీ లేదు, నేనే తెచ్చుకున్నాను. గజేందర్ చేత నీకు విజిట్ వీసా పెట్టించాను. వచ్చింది. నేనిప్పుడు తిరిగొస్తే నువ్వు జన్మలో విమానం ఎక్కవు. అందుకే ఇంత వాదన.

ఇక్కడ కొడుకును తిడితే నవ్వుతాడు, కోడలిని తిడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తిరిగి తిట్టేవాడు లేక నా నోరు కూడా ఎండిపోతోంది.

ఇక్కడి కూలీల క్యాంపులో ఉండే మన ఊరి రాజన్న సెలవు మీద వస్తున్నాడు. నీ పాస్‌పోర్టు, టికెట్టు, ఒక ఎర్రాకు, ఒక పచ్చాకు అతని చేతికిచ్చాను. ఆకులు రెండూ ఒకే చెట్టువి. అతను తిరిగొచ్చేటప్పుడు పక్క సీటు నీది. బర్రెను మీ తమ్ముడింట్లో కట్టేసి రా. భయమేస్తే రాజన్న చెయ్యి పట్టుకో, ఎవరికీ చెప్పను. జైబాకు తప్ప.

ఏసీ నీళ్ళు బిందెతో రెండో పక్కకూ పోస్తున్నాను. నువ్వు వచ్చి చూసి, నా ముందు నిలబడి తీర్పు చెప్పు. ఓడితే ఆ రోజే మూట సర్దుతాను. కానీ రెండు మూటలూ నువ్వే మోయాలి.

ఇట్లు,
మాట తప్పని
గజేందర్ అవ్వ వేలిముద్ర