నిప్పున్న ఊరికి గంజి లేదు

పొయ్యి లెక్కల కచేరీ, ఆత్మకూరు,
1877 జూలై 3

ఉదయగిరి కోటకింద పాళెం ఊరిపెద్ద ఓబులయ్యకు కచేరీ గుమాస్తా రామనారాయణ తెలియజేయునది.

కరువు సాయం నిమిత్తం మీ ఇళ్ళను నిప్పును బట్టి తరగతులు చేసి పంపవలెను. చెకుముకితో నిప్పు చేసుకునే ఇల్లు మొదటిది. పిడక మీద బూడిద కప్పి దాచుకునేది రెండవది. పక్కింట్లో అడిగి తెచ్చుకునేది మూడవది. అసలు నిప్పే లేనిది నాల్గవది. నిప్పు లేనిచోట వంట లేదు గనుక గంజికొట్టం నాల్గవ తరగతికి మాత్రమే.

ఇట్లు, రామనారాయణ

తా.క. జవాబు మూడు ప్రతులు పంపవలెను. కరువు గనుక కాగితం పొదుపుగా వాడవలెను.

కోటకింద పాళెం,
జూలై 9

గుమాస్తా గారికి దణ్ణాలు పెట్టి ఓబులయ్య రాసుకున్న జవాబు.

అయ్యా, మాది నలభై ఒక్క ఇళ్ళు. పిచ్చమ్మవ్వ పొయ్యిలో బూడిద కింద నిప్పు ఎప్పుడూ ఉంటాది. ఆమె దగ్గర సిద్ధయ్య, సిద్ధయ్య దగ్గర వరదమ్మ, అట్లా ఊరంతా తెచ్చుకుంటాము. నిప్పు అడిగితే లేదనడం మా పాళెంలో ఎవరికీ చేతగాదు. కాబట్టి నాలుగో తరగతి ఇల్లు ఒక్కటీ లేదు, అబద్ధం రాయలేను. పిల్లోళ్ళు ఇన్నాళ్ళూ చింతగింజలు ఉడకబెట్టుకుని తిన్నారు. నిన్నటితో అవీ అయిపోయినాయి. గంజి రాకపోతే బతకరు.

ఇట్లు, ఓబులయ్య

తా.క. పొయ్యిలో ఏముండాదో అడిగినారు. పొయ్యి మీద ఏముండాదో అడిగే గడి మీ కాగితంలో కనపడలేదు. తిరగేసి కూడా చూసినాను.

ఆత్మకూరు,
జూలై 14

ఓబులయ్యకు,

మీ జాబు చూసి కచేరీ యావత్తూ సంతోషించినది. ప్రతి ఇంటా నిప్పున్న ఊరు మా లెక్కల్లో మరొకటి లేదు. ఇంత సుభిక్షమైన చోట గంజికొట్టం అనవసరమని పైకి రాసినాము. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం నేనే వచ్చి పొయ్యిలు తనిఖీ చేసెదను.

ఇట్లు, రామనారాయణ

తా.క. నా భోజనం గురించి శ్రమపడవద్దు. అన్నం, కందిపప్పు, వంకాయ పులుసు, కాస్త నెయ్యి చాలును. నిప్పు ఎటూ ఉన్నది గదా.

కోటకింద పాళెం,
జూలై 26

అదే కచేరీలో రెండో గుమాస్తా మాల్యాద్రి గారికి ఓబులయ్య దణ్ణాలు.

అయ్యా, మీ రామనారాయణ గారు సోమవారం బండి దిగినారు. ప్రతి పొయ్యినీ పుల్లతో కెలికి, నిప్పు చూసి మెచ్చుకున్నారు. ఆనక భోజనానికి కూర్చున్నారు. పిచ్చమ్మవ్వ చెంబుడు వేడినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. "నిప్పుకు కొదవ లేదు నాయనా, ఇంకొంచెం కాచమంటావా?" అనింది.

ఆయన అప్పుడే బయలుదేరబోయినారు గానీ మేత లేక ఎద్దులు లేవలేదు. మంగళవారం వేడినీళ్ళు. బుధవారమూ అవే. ఈ పొద్దు ఆయనే నలభై ఒక్క ఇళ్ళూ నాలుగో తరగతి అని రాసినారు. నిప్పుండాదే, అబద్ధం గదా అన్నాను.

"నిప్పుంటే నాకింత ఆకలెందుకు ఓబులయ్యా?" అని ఏడ్చినారు.

ఆ కాగితం దీంతో పంపుతున్నాను. గింజలు తొందరగా పంపండి, వట్టి ఆకులు నమిలి పిల్లోళ్ళకి కాళ్ళు నిలవడం లేదు.

ఇట్లు, ఓబులయ్య

తా.క. గంజికొట్టానికి ఇంకా గుంజైనా నాటలేదు. గుమాస్తా గారు మాత్రం దొన్నె పట్టుకుని వరసలో మొదట నిలబడినారు. పిల్లోళ్ళను ముందు రానీండి అంటే పక్కకు జరగడం లేదు.